శుక్రవారం వెలిగే పేరు

లింబాద్రి బతుకులో సగం ఇతరుల గొంతులు వినడంతోనే గడిచింది.

తొంభైల మధ్యలో, మీసం సరిగా రాని వయసులో, బాన్సువాడ బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో పనికి కుదిరాడు. నస్రుల్లాబాద్ నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి ఆడవాళ్లు చీటీలు పట్టుకుని వచ్చేవాళ్లు. చీటీ మీద మస్కట్ నంబరో దుబాయ్ నంబరో ఉండేది. అతనే నంబరు కలిపి, రిసీవర్ చేతికిచ్చి, అద్దాల తలుపు మూసి బయట నిలబడేవాడు. ఆ అద్దం పేరుకే అద్దం. లోపలి ఏడుపూ నవ్వూ అన్నీ బయటికి వచ్చేవి. ఎవరి మొగుడు మాట తప్పాడో, ఎవరి అత్త కోడలి మీద ఏం చాడీలు చెప్పిందో అన్నీ అతని చెవిన పడేవి. విన్నది విననట్టు ఉండటమే ఆ పనిలో నేర్చుకున్న విద్య. అందుకే జనం అతన్ని నమ్మారు.

ఫోన్లు ఇళ్లలోకి వచ్చి బూత్ ఖాళీ అయ్యాక, బోధన్ రోడ్డులో ఎరువుల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకుని కంప్యూటర్లు పెట్టాడు. బోర్డు మీద ఏదో దేవుడి పేరు రాయించాడు గానీ, ఊరంతా దాన్ని ‘లింబాద్రి నెట్టు’ అనే పిలిచింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఫోను కంటే మెసెంజర్ నయమని తెలిశాక పాత చీటీల వాళ్లే మేడ మెట్లెక్కి వచ్చారు. వాళ్లకు ఈమెయిల్ పెట్టింది అతనే, పాస్‌వర్డ్ పెట్టిందీ అతనే. అందరికీ ఒకటే పద్ధతి: వాళ్ల పేరు, దాని వెనక ఒకటి రెండు మూడు. ఎవరైనా మర్చిపోతే లింబాద్రిని అడిగితే సరి. వేలిముద్ర పెట్టేవాడి వేలు పట్టుకుని పెట్టించినంత సహజంగా జరిగిపోయేది అది.

రుద్రూర్ పక్క రైతుల క్యాంపులో కాలువ కింద వరి సాగు చేసే హరనాథబాబు మాత్రం మెసెంజర్ కోసం కాదు, పేపరు కోసం వచ్చేవాడు. తాను వదిలి వచ్చిన కోస్తా జిల్లా వార్తలు ఇక్కడి పేపర్లో రావు. నెట్‌లో వస్తాయి. అయితే ఆ రోజుల్లో తెలుగు అక్షరాలు కనబడాలంటే బ్రౌజర్‌కు ఒక అదనపు ముక్క తగిలించాలి. పేజీ తెరవగానే పైన పచ్చ పట్టీ వచ్చి, పెట్టమంటారా అని అడిగేది. ఎస్ కొడితే తెలుగు, లేకపోతే పిచ్చి గీతలు.

“ఏమయ్యా లింబాద్రీ, ఇది తెలుగా, చీమలు పాకాయా?”

“పట్టీ వచ్చింది సూడుండ్రి సార్. ఎస్ కొట్టుండ్రి.”

“నిన్న కొట్టాను కదయ్యా. మళ్లీ అడుగుతుందేం? మా అత్తగారు కూడా ఇన్నిసార్లు అడగదు.”

ఆ సణుగుడు పడలేక లింబాద్రి ఒక పని చేశాడు. బ్రౌజర్ సెట్టింగుల్లోకి పోయి కాపలా స్థాయిని అట్టడుగుకు దించేశాడు. అన్ని కంప్యూటర్లలోనూ. చాలా ముక్కలు ఇక అడగకుండానే లోపలికి వచ్చేస్తాయి. అప్పటికీ ఏదైనా అడిగితే జనం తికమక పడకుండా, ప్రతి తెర పైనా ఒక కాగితం అంటించాడు: ‘ఏమన్న అడిగితే ఎస్ కొట్టుండ్రి.’

హరనాథబాబు సంతోషించాడు. అందరూ సంతోషించారు.

రెండు వేల ఆరు ఎండాకాలంలో దుకాణం తీరు మారింది. ముందు బ్రౌజర్ తెరవగానే వచ్చే పేజీ మారిపోయింది. తర్వాత పైన రంగుల పట్టీ ఒకటి చేరింది. దాని కింద ఇంకొకటి, దాని కింద మరొకటి. నవ్వే మొహాలు, గంతులేసే బొమ్మలు. హరనాథబాబు వార్తలు చదువుకునే జాగా తలుపు సందంత మిగిలింది. ఎవరూ ముట్టని కంప్యూటర్లో పేజీలు వాటంతటవే తెరుచుకునేవి. ఒక మధ్యాహ్నం గదిలో లింబాద్రి ఒక్కడే ఉండగా వెనక నుంచి ఆడమనిషి గొంతు వినబడింది. నువ్వు గెలిచావు, నువ్వు గెలిచావు అని ఇంగ్లీషులో చెబుతోంది. స్పీకరు వైరు పీకాడు. పీకినా ఆ గొంతు చెవిలో చాలాసేపు ఉండిపోయింది. కాలేజీ పిల్ల ఒకామె కూర్చున్న తెర మీద చూడరాని బొమ్మ విచ్చుకుంటే, ఆమె తల దించుకుని మెట్లు దిగిపోయింది, మళ్లీ రాలేదు. విషయం విన్న లింబాద్రి తల్లి గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టిపోయింది.

సహజ ప్రతి శుక్రవారం వచ్చేది. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. ఆమె భర్త విజయ్‌కుమార్ మస్కట్‌లో భవనాల షటరింగ్ పనికి పోయి మూడేళ్లయింది. పోయే ముందు ఈ గదిలోనే లింబాద్రి చేత ఐడీ పెట్టించుకున్నాడు. మధ్యలో సెలవు మీద వచ్చినప్పుడూ ఇక్కడే కూర్చుని దోస్తులతో ముచ్చట్లు రాసుకున్నాడు. తిరిగి పోయాక ఒక శుక్రవారం నుంచి మెసెంజర్‌లోకి రావడం మానేశాడు. ఫోను లేదు. మస్కట్‌లో అదే లేబర్ క్యాంపులో ఉన్న ఒకతను కబురు చెప్పాడు: ‘ఖల్లివెల్లి’ అయిండు. కంపెనీలో చెప్పకుండా, వాళ్ల దగ్గరున్న పాస్‌పోర్టు కూడా తీసుకోకుండా వెళ్లిపోయినవాణ్ని అక్కడ అలా అంటారు. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్లు లేరు.

అయినా సహజ వచ్చేది. మనిషి మెసెంజర్‌లో ఉంటేనే వెలిగే ఆ పేరుకు, వెలగకపోయినా, ఏదో ఒకటి రాసి పోయేది. అవతలి మనిషి లోపలికి వచ్చినప్పుడు అవన్నీ ఒక్కసారే అందుతాయని లింబాద్రి ఎప్పుడో చెప్పాడు.

ముసురు పట్టిన ఒక శుక్రవారం ఆమె కంప్యూటర్ల మధ్య అడ్డుగా పెట్టిన చెక్క మీద తట్టింది.

“అన్నా, జెర రా.”

ఎప్పుడూ బూడిద రంగులో ఉండే పేరు వెలుగుతోంది. పక్కన పసుపు రంగు మొహం నవ్వుతోంది. కింద ఒక మాట, దాని కింద లింకు.

“ఏమంటుండు?”

“ఈ ఫొటోల ఉన్నది నువ్వేనా అని అడుగుతుండు. ఇంగ్లీషుల రాసిండు.”

“నా ఫొటో అడుగుతుండా?”

లింబాద్రి ఆ మాటను సరిదిద్దలేదు. “విజయ్‌కు ఇంగ్లీషు రాదు గద చెల్లె.”

“పోయి మూడేండ్లాయె. నేర్చుకోడా?”

ఆమె లింకు నొక్కింది. తెర ఏదో అడిగింది. పైనున్న కాగితం వైపు ఒకసారి చూసి ఎస్ కొట్టింది. ఫొటో రాలేదు. ఏమీ రాలేదు. కాసేపటికి పేరు ఆరిపోయింది.

తర్వాతి శుక్రవారం సహజ ఫొటో తెచ్చింది. స్టూడియోలో నీలం తెర ముందు కూర్చుని దిగింది. వెంట అత్త బక్కమ్మ వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూలబడింది. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్లు తంబాకు వాసన కొడుతున్నాయి.

“వాని మొకం కనవడదా బిడ్డా?”

“కనవడది అవ్వ. పేరొక్కటే.”

“పేరు నేను పెట్టిందేనాయె. దాన్ని కొత్తగ సూసుడేంది?” అంది గానీ కన్ను తిప్పలేదు.

పేరు వెలిగింది. లింబాద్రి స్కాన్ చేసిన ఫొటో పంపాడు. జవాబుగా అదే మాట వచ్చింది. ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా?

“పంపినం గద. మల్ల గదే అడుగుతుండేంది?” అంది బక్కమ్మ. “చెవిటోడైండా?”

సహజ నవ్వింది. ఆమె నవ్వడం లింబాద్రి చూసి చాలా కాలమైంది. అతను మాత్రం నవ్వలేకపోయాడు. అవే అక్షరాలు, చివర అవే రెండు ప్రశ్నార్థకాలు. ఎదురుగా ఏం చెప్పినా వినకుండా అదే ప్రశ్న అడిగేది మనిషి కాదని అతనికి లోపల ఎక్కడో అనిపించింది. అనిపించినదాన్ని బయటికి రానివ్వలేదు.

రెండు రోజులకు, ఈమధ్యే మేనల్లుడి కోసం మెసెంజర్ పెట్టించుకున్న హరనాథబాబు చిటపటలాడుతూ పిలిచాడు.

“మా మేనల్లుడికి మతి పోయిందయ్యా. ఫొటోలో ఉన్నది నువ్వేనా అంటాడు. చిన్నప్పుడు వాణ్ని ఎత్తుకుని తిప్పిన మేనమామని, నన్నే గుర్తుపట్టలేడా?”

లింబాద్రి వంగి చూశాడు. అవే అక్షరాలు. అవే ప్రశ్నార్థకాలు.

ఆ పూటే తాళం వేసి, బస్సెక్కి, నిజామాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ దగ్గరికి పోయాడు. అతను కథంతా విని అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

“బ్రౌజర్ ఇంటికి తలుపసొంటిది తమ్మీ. జెర గట్టిదే. దానికి మనం తగిలిస్తం సూడు ముక్కలు, యాడ్-ఆన్‌లు, గవి ఒక్కొక్కటి గోడకు కొట్టిన కిటికీ. కట్టినోడు గడియ పెట్టిండో లేదో నీకెర్కనా?”

“తెలుగు కనవడాల్నాయె అన్నా.”

“తెలుగు ముక్క మంచిదే. దానికోసమని నువ్వు కాపలావాణ్నే ఇంటికి పంపిస్తివి. ఇగ తెలుగు ఎనక ఎవరెవరు వచ్చిన్రో. పాస్‌వర్డు కొడుతుంటే పక్కన కూసొని రాసుకునేది వచ్చింది. గది ఊరోళ్ల పేర్లన్ని ఎత్తుకపోయింది. ఇప్పుడు గా పేర్ల మీద ఏ దేశంల ఏ మిషినో మాట్లాడుతుంది.”

తిరిగి వచ్చే బస్సులో లింబాద్రికి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. ఒక ఏడు ఊళ్లకు ఊళ్లు తలుపుల మీద సుద్దతో ‘రేపు రా’ అని రాసుకున్నాయి. రాత్రిపూట దయ్యం వచ్చి ఇంటివాళ్ల గొంతుతోనే పిలుస్తుందని, మొదటి పిలుపుకు పలికినవాడు దక్కడని చెప్పుకునేవారు. అప్పట్లో తన వాడలో సగం తలుపుల మీద రాసింది అతనే. ఆ చెయ్యే ప్రతి తెర మీదా ‘ఎస్ కొట్టుండ్రి’ అని రాసింది.

వారం రోజులు దుకాణం మూసి పనిలో పడ్డాడు. పట్టీలన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. తీసినవి కొన్ని మళ్లీ మొలిచాయి. వాటి కోసం కంప్యూటర్‌నే తుడిచి మొదటి నుంచి నింపాడు. తెలుగు ఫాంటును తానే ఒక్కసారి దించి, చేత్తో లోపల పెట్టాడు, ఇక దానికోసం బ్రౌజర్ తలుపు తీయనక్కర్లేదు. వచ్చినవాళ్లు కొత్త ముక్కలు ఏవీ పెట్టలేకుండా కట్టడి చేశాడు. తెరల మీది కాగితాలు గీకాడు. జిగురు మరక పోలేదు.

మిగిలింది ఊళ్లోవాళ్ల పాస్‌వర్డులు. ఒక్కొక్కరినే పిలిచి మార్పించాడు. మద్నూర్ నుంచి వచ్చే హీరాబాయిది మాత్రం అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఆమె పేరు మీద దుబాయ్‌లో ఉన్న భర్తకు పాడు బొమ్మల లింకులు పోయాయి. అతను ఫోన్ చేసి అనరాని మాటలన్నాడు. ఆ తర్వాత ఫోన్ చేయడమే మానేశాడు. “నేను గాదని జెర నువ్వు చెప్పన్నా” అని ఆమె బతిమాలితే లింబాద్రి నంబరు కలిపాడు. అటునుంచి ఎత్తలేదు.

శుక్రవారం సహజ వచ్చినప్పుడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాను నిలబడే చెప్పాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక దయ్యం గొంతు సంగతితో మొదలుపెట్టాడు.

“గప్పుడు మా అమ్మ సుత తలుపు మీద రాసింది” అంది సహజ. “రాసినా మా నాయన పోయిండు. అసలు సంగతి చెప్పు.”

“గా రాసేది విజయ్ గాదు చెల్లె. మిషిన్. వాని పాస్‌వర్డు ఈడికెల్లే పోయింది. నా దుకాణంలకెల్లి.”

ఆమె కుర్చీని తెర వైపు జరుపుకుంది.

“మరి నేను గిన్ని దినాలు రాసినవి?”

చూపించక తప్పలేదు. పాత పాస్‌వర్డుతో, విజయ్‌కుమార్ పేరు మీద లింబాద్రే లోపలికి వెళ్లాడు. ఆగి ఉన్న మాటలన్నీ ఒక్కసారిగా రావాలి. ఒక్కటీ రాలేదు.

“ఏవి?”

“ఎవరు ముందుగాల లోపలికొస్తే వాళ్ల చేతిల పడతయి. పడ్డయి.”

“మిషిన్ సదువుతదా?”

“సదవది.”

“మరి ఆయనే వచ్చి సదువుకపోలేదని నీకెట్లెర్క?”

నిజంగానే లింబాద్రికి తెలియదు. మిషన్ కంటే ముందు, ఎక్కడో ఒక దుకాణంలో, ఒక మనిషి కూర్చుని అవన్నీ చదువుకుని జవాబు రాయకుండా లేచిపోయాడేమో. ఆ ఊహ మిషన్ కంటే భయంగా ఉంది.

“ఇప్పుడు పాస్‌వర్డు మారిస్తే ఆ మిషిన్ ఇగ రాలేదు” అన్నాడు చివరికి. “కానీ విజయ్ ఏడన్న ఉండి తెరుద్దామని చూస్తే వానికీ తెరుచుకోది. మార్చకపోతే వాని పేరు మీద ఇంకొకరి ఇంటికి పోతుంది, హీరాబాయికి అయినట్టే అయితది. నువ్వు చెప్పింది చేస్త.”

సహజ చాలాసేపు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. కింద ఎరువుల సంచులు దించుతున్న హమాలీల కేకలు వినబడుతున్నాయి.

“నేనే కొడత. నువ్వు అటు తిరుగు.”

లింబాద్రి గోడ వైపు తిరిగాడు. ఊరందరి పాస్‌వర్డులూ తెలిసిన మనిషికి తెలియని మొదటి పాస్‌వర్డు అదే. వెనక ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్న చప్పుడు. ఆగి, మళ్లీ మొదటి నుంచి. రెండోసారి కొట్టమని తెర అడిగి ఉంటుంది.

“ఆయనకు తోచే మాటే పెట్టిన” అంది. “ఉంటే తోస్తది.”

ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె రాలేదు. విజయ్‌కుమార్ పేరు బూడిద రంగులోనే ఉంది. దసరా దాటాక ఒక శుక్రవారం మళ్లీ వచ్చింది, అత్తను తీసుకుని. బక్కమ్మను మొదటి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తన ఐడీ తెరిచింది.

“అన్నా, అత్తకు జెర సదివి చెప్పు. నాకు అప్లికేషన్ పనుంది” అని చివరి చెక్క గదిలోకి పోయింది.

కాసేపటికి విజయ్‌కుమార్ పేరు వెలిగింది.

లింబాద్రి తెరంతా వెతికాడు. కంప్యూటర్లో ఏ పట్టీ లేదు. ఏ లింకూ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, అచ్చం విజయ్ రాసినట్టే, ఒక్కొక్కటీ నింపాదిగా వచ్చాయి. అమ్మా మంచిగున్నవా. మోకాళ్ల నొప్పి తగ్గిందా.

ఆ పాస్‌వర్డు ఈ భూమ్మీద ఒక్కరికే కచ్చితంగా తెలుసు. రెండో మనిషికి తోచాలి. లింబాద్రి చివరి గది వైపు చూశాడు. కీబోర్డు చప్పుడు అక్కడి నుంచే వస్తోంది. మాట రాగానే చప్పుడు ఆగుతోంది.

అతను చదివి వినిపించాడు. బూత్‌లో నేర్చుకున్న పాత విద్యే, తెలిసినా తెలియనట్టు.

“మంచిగున్న అని కొట్టు” అంది బక్కమ్మ. “తగ్గిందని కొట్టు.”

కొట్టాడు. అది మొదలు ప్రతి శుక్రవారం అదే. దుకాణంలో ఒక్క దొంగ ముక్క లేకుండా కాపలా కాస్తున్న లింబాద్రికి, భయపెట్టే సమయం అదొక్కటే. చనిపోయాడో బతికాడో తెలియని మనిషి మాటలు తన నోటితో చెప్పాలి. ఇంటికి పోయాక కూడా అవి నాలుక మీద ఉండేవి. తల్లి ఏమైనా అడిగితే ఒక్కోసారి విజయ్‌కుమార్ గొంతులా జవాబు వచ్చేది. అతను విజయ్ గొంతు విని ఎన్నేళ్లో అయింది, అయినా అలాగే అనిపించేది.

చలికాలంలో ఒక శుక్రవారం ఇక ఆగలేకపోయాడు. ముసలమ్మకు నిజం చెప్పాలి. కుర్చీ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

“అవ్వ, ఒక మాట. గా రాసేది...”

“కోడలే” అంది బక్కమ్మ, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. “గా చెక్క నేల దాక లేదాయె. కాళ్లు కనవడ్తలేవా? మట్టెలు నేను చేయించినయే.”

లింబాద్రి వంగి చెక్క కిందుగా చూశాడు.

“నా కొడుకు ఇగ లేడని నాకెప్పుడో ఎర్కైంది బిడ్డా. ఎట్ల ఎర్కైందని అడుగకు. నా కోసమే రాస్తున్న అనుకుంటది గది. రాసినంతసేపు దానికి వాడు ఉంటుండు. లేడని నేనంటే గా మట్టెలు తియ్యమన్నట్టే. ఆ మాట నా నోటికెల్లి రాదు. నీ నోటికెల్లి సుత రానియ్యకు.” వంగి నడుము సర్దుకుంది. “ఇగ సదువు. ఏమంటుండు?”

తెర మీద కొత్త మాట వచ్చి ఉంది.

“అన్నం తిన్నవా అంటుండు.”

“తిన్న అని కొట్టు. నువ్వు తిన్నవా అని అడుగు.”

లింబాద్రి కొట్టాడు. చెక్క అవతల కీబోర్డు చప్పుడు ఈసారి మొదలవలేదు. బక్కమ్మ ఓపిగ్గా తెర వైపే చూస్తూ కూర్చుంది.